ఇంట్లోనే కదా అనకండి
(అమలాపురంలో గ్రంథాలయ పాఠకుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు, కుర్రాళ్లేమో గోడవారగా నిలబడ్డారు. ఎక్కడో చోట సర్దుకుని కూర్చోండి బాబూ, ఈ మాటలు ఎక్కువగా మీ కోసమే.

మగవాళ్ల బట్టల గురించి మాట్లాడమన్నారు. నాకు చాలా ఇష్టమైన విషయం. మంచి నేత కనిపించినా, మంచి కుట్టు కనిపించినా ఆగి చూసే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మన వైపు మగవాడు పాడిగేదె గురించి, కొబ్బరికాయ ధర గురించి గంటలకొద్దీ మాట్లాడితే ఎవరూ ఏమీ అనుకోరు. చొక్కా కాలర్ గురించి రెండు నిమిషాలు మాట్లాడితే మాత్రం "వీడికేం సోకులు" అంటారు. నేను చెప్పబోయేది సోకుల సంగతి కాదండి. రోజూ ఒంటి మీద ఉండే గుడ్డని తెలుసుకుని కొనడం, చూసుకుని వాడడం. అది కూడా ముఖ్యంగా ఇంట్లో.

పెళ్లికి ఏం వేసుకోవాలి, ఆఫీసుకి ఏం వేసుకోవాలి, పండక్కి ఏం కుట్టించుకోవాలి, ఇవన్నీ చెప్పేవాళ్లు బోలెడంత మంది. సాయంత్రం ఆరు దాటాక మన ఇంట్లో మనం ఏం కట్టుకుని తిరుగుతున్నామో ఎవరూ అడగరు. బయటికెళ్లేటప్పుడు ఇస్త్రీ చొక్కా, టక్కు, సెంటు. గుమ్మం దాటి లోపలికి రాగానే చంక దగ్గర చిరిగిన బనీను, వెలిసిపోయిన లుంగీ. ఇదేంటండీ అంటే, "ఇంట్లోనే కదా, ఎవరు చూస్తారు" అని సమాధానం. చూసేది మీ ఆవిడ, మీ పిల్లలు, మీ అమ్మా నాన్నా. వాళ్లు లెక్కలో లేనట్టు ఆ మాట ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

మా మావయ్య గారిది లంక గ్రామం, వ్యవసాయం. పగలంతా మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, మట్టి, చెమట. సాయంత్రం నూతి దగ్గర స్నానం చేసి, బీరువాలోంచి ఉతికిన తెల్ల పంచె తీసి కట్టుకుని, పొట్టి చేతుల లాల్చీ తొడుక్కుని అరుగు మీదికి వచ్చేవారు. ఎవరో చుట్టాలు వస్తారని కాదు. ముసురు పట్టి వీధిలో పురుగు తిరగని రోజున కూడా అంతే. ఖరీదైన పంచెలేమీ కావు. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన మామూలు నూలు పంచెలు, వేలెడు అంచు కూడా ఉండేది కాదు. ఆ పంచెతోనే మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునేవారు, పీటేసుకుని భోంచేసేవారు. మా ఆవిడకి వాళ్ల నాన్న అనగానే ముందు గుర్తొచ్చేది గంజి పెట్టిన నూలు వాసనట. చదువు గురించో పొలం గురించో చెప్పదు, ఆ వాసన గురించే చెబుతుంది.

అందుకే నా లెక్క వేరుగా ఉంటుంది. ఉద్యోగస్తుడైనా సరే, రోజులో సగానికి పైగా ఇంటి బట్టల్లోనే ఉంటాడు. రిసెప్షన్ కోటు ఏడాదికి ఒకసారి వేసుకుంటే గొప్ప. ఆ కోటుకి వేలకి వేలు పోస్తాం, రోజూ కట్టుకునే లుంగీ మాత్రం సంతలో దొరికిన అన్నిటికంటే చవకది. తిరగెయ్యండి. ముందు ఇంట్లో కట్టుకునే వాటికి మంచి బట్ట కొనండి. మిగిలిన డబ్బుల్ని బట్టి కోటు సంగతి చూద్దాం.

మంచి బట్ట అంటే ఏమిటి? మన గాలికి, మన చెమటకి పనికొచ్చేది. మే నెలలో రాజమండ్రి 40 డిగ్రీలు దాటేస్తుంది. సముద్రం వైపు, అంటే మన కోనసీమలో, ఎండ కాస్త తక్కువైనా ఉక్క ఎక్కువ. చుట్టూ కాలవలు, చెరువులు, వరిచేలు. చెమట పడుతుంది గానీ ఆరదు. పాలిస్టర్ గుడ్డ తన బరువులో 0.4 శాతం తేమ మాత్రమే పీల్చుకుంటుంది. నూలు 8 శాతం దాకా పీల్చుకుంటుంది, నార బట్ట, అదే లినెన్, 12 శాతం దాకా. ఉన్ని అయితే 16 శాతం దాకా పోతుంది. ఉన్ని చలికే అనుకుంటాం గానీ, పల్చగా నేసిన ఉన్ని బట్ట పాలిస్టర్ కంటే మన ఎండకి నయం. షాపువాడు "సార్, ముడత పడదు, ఇస్త్రీ అక్కర్లేదు" అన్నాడంటే అందులో పాలిస్టర్ కలిసిందేమో చూసుకోండి. నూలు ముడతలు పడుతుంది, లినెన్ ఇంకా పడుతుంది. పడనివ్వండి. ఉతికి ఇస్త్రీ చేసిన లినెన్ చొక్కా మధ్యాహ్నానికి ముడతలు పడితే అది మాసినట్టు కాదు, ఆ బట్ట తీరే అంత.

ఇంకో చిన్న పరీక్ష. కొనే ముందు గుడ్డ అంచు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూడండి. నేత సందుల్లోంచి సన్నగా వెలుతురు కనిపిస్తే గాలి కూడా అందులోంచే వస్తుంది. రాజమండ్రి తాడితోట హోల్‌సేల్ షాపుల్లో ఎంత హడావిడి ఉన్నా సరే, ఈ ఒక్క పని చెయ్యకుండా గుడ్డ చింపించకండి.

బట్ట సంగతులు మన వాళ్లకి ఎవరో నేర్పాల్సినవి కావండీ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మనది వరి సీమ అయింది. అంతకు చాలా ముందే ఓడలేసుకుని వచ్చిన తెల్లవాళ్లు మన దగ్గర దిగింది ముఖ్యంగా బట్ట కోసం. పాలకొల్లులో డచ్చివాళ్లు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు, ఇంజరంలో మళ్లీ ఇంగ్లీషువాళ్లు, దాని పక్కనే యానాంలో ఫ్రెంచివాళ్లు. ఫ్రాన్సులో ఈనాటికీ ఒక రకం మెత్తటి తెల్ల నూలు గుడ్డని మదపోలం అనే పిలుస్తారు, మన మాధవాయపాలెం పేరే అది. ఆ తర్వాత మాంచెస్టర్ మిల్లు గుడ్డ వచ్చిపడింది. మన గుడ్డ కొనడానికి వచ్చినవాళ్లే వాళ్ల గుడ్డ మనకి అమ్మారు. మన తాతలు గ్లాస్కో మల్లు పంచె, అదే సీమ మిల్లులో నేసిన సన్న నూలు పంచె, కట్టుకుని మురిసిపోయిన రోజులు ఆ తర్వాతవే. ఇంత జరిగినా మగ్గం చప్పుడు పూర్తిగా ఆగిపోలేదు. ఇక్కడికి కూతవేటు దూరంలో బండారులంక ఉంది, అటు మోరి ఉంది, పులుగుర్త ఉంది, మగ్గం మీదే బుటాలు నేసే ఉప్పాడ జాందానీ చీరకి 2009లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు, కూడా వచ్చింది. చీరలు కొనడానికి ఆడవాళ్లు ఆ ఊళ్లకి కారు కట్టించుకుని వెళ్తారు. మగవాళ్లు కారులోనే కూర్చుంటారు. దిగండి, లోపలికెళ్లి నూలు చేత్తో పట్టి చూడండి, మగవాళ్లకి చొక్కా గుడ్డ ఏదైనా నేస్తారేమో అడగండి.

పంచె గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. దర్జీ లేకుండా, కొలత లేకుండా ఎవరి ఒంటికైనా సరిపోయే బట్ట ఇది. గోచీ పెట్టి కట్టుకోవాలంటే ఎనిమిది మూరలు, బాగా పొడుగరికి తొమ్మిది, పది. అడ్డకట్టుకి, అంటే లుంగీలా చుట్టుకోవడానికి, నాలుగు మూరలు చాలు. ఇంటికి నేను చెప్పేది ఈ నాలుగు మూరల పంచే. లుంగీ వద్దనడం లేదు, గళ్ల లుంగీ కూడా చక్కగా ఉంటుంది, నూలుదైతే. పొందూరు ఖద్దరు పంచె ఒక్కటి కొనుక్కోగలిగితే ఇంకా సంతోషం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లలోంచి పత్తి పీచు చిక్కు లేకుండా, నలుసు లేకుండా వస్తుంది. ఆడవాళ్లు దాన్ని చేత్తో సన్నటి నూలుగా వడుకుతారు. ఆ పంచె చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు. కట్టుకుంటే మాత్రం కుచ్చిళ్లు చెప్పినట్టు నిలబడతాయి.

ఈమధ్య పెళ్లిళ్లలో వెల్‌క్రో పంచెలు వచ్చాయి. నడుముకి అతికించుకుంటే అయిపోయింది. పెళ్లికొడుకు టెన్షన్‌లో ఉంటాడు, జారిపోతుందని భయం, అర్థం చేసుకోగలను. కానీ పంచె కట్టడం రానివాడు లేడు, కట్టుకోనివాడు ఉన్నాడు అంతే. ఇంట్లో రోజూ సాయంత్రం కట్టుకుంటే పెళ్లినాటికి చెయ్యి దానంతట అదే తిరుగుతుంది. నడుము దగ్గర బిగించే ముందు ఒకసారి కాళ్లు ఎడం చేసి నిలబడండి, అప్పుడు ముడి వెయ్యండి. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు లాగదు.

ఇక కుట్టు. రెడీమేడ్ చొక్కా అయినా, కుట్టించిన చొక్కా అయినా ముందు చూడాల్సింది భుజం. చెయ్యి కలిసే కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. ఛాతీ దగ్గర వదులైతే సరిచేయొచ్చు, పొడుగైతే మడిచి కుట్టొచ్చు, భుజం తేడా వస్తే ఆ చొక్కాని ఎవరూ బాగుచెయ్యలేరు. కాలర్ గుండీ పెట్టాక మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్లు దూరాలి. పొడుగు చేతులైతే మణికట్టు ఎముక దాటీ దాటనట్టు ఆగాలి. దర్జీకి గుడ్డ ఇచ్చే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి ఇవ్వండి. నూలు మొదటి తడికే కుంగుతుంది, ఆ కుంగేదేదో కుట్టకముందే కుంగనివ్వండి.

ఇంకోటి, ఆది చొక్కా పడేసి "ఇలాగే కుట్టెయ్" అని బండెక్కి వెళ్లిపోవడం మన అలవాటు. ఆ ఆది చొక్కా కుట్టించిన నాటికి మీ పొట్ట వేరు, ఇప్పటి పొట్ట వేరు. పది నిమిషాలు నిలబడి కొలతలు ఇవ్వండి. టేపు పెట్టినప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, మామూలుగా నిలబడండి. లోపల కుట్టు పక్కన కాస్త గుడ్డ వదలమని అడగండి. ఒళ్లు చేసినప్పుడు విప్పుకోవచ్చు, తమ్ముడికో కొడుక్కో ఇవ్వాల్సి వచ్చినప్పుడు కూడా పనికొస్తుంది. మంచి దర్జీ అడక్కుండానే వదులుతాడు. మన ఊళ్లలో అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, పని తగ్గిపోయి ఆడవాళ్ల జాకెట్లు, స్కూలు యూనిఫారాలతో నెట్టుకొస్తున్నారు. ఏడాదికి రెండు చొక్కాలు వాళ్ల దగ్గర కుట్టించండి. రెండే.

కోటు గురించి అడుగుతారని తెలుసు, కుర్రాళ్లందరికీ రిసెప్షన్ ఉంటుంది కాబట్టి. క్లుప్తంగా చెబుతాను. కోటు ఆకారం నిలబడడానికి ముందు భాగం లోపల ఒక పొర వేస్తారు; దానికి కాన్వాస్ గుడ్డ కుట్టారా, లేకపోతే జిగురు బక్రం అతికించారా అనేది తెలుసుకోండి. గుండీలకి మధ్య పైగుడ్డనీ, లోపలి గుడ్డనీ రెండు వేళ్లతో చిటికెలా పట్టి విడివిడిగా లాగండి. మధ్యలో ఇంకో పొర విడిగా తగిలితే కాన్వాస్. తగలకపోతే అతికించినది. జిగురుది మన ఉక్కకి, ఇస్త్రీ వేడికి కొన్నాళ్లకి బుడగలు లేస్తుంది. ఒకసారి లేచాక మళ్లీ అతకదు. లోపల లైనింగు సగమే వేయమనండి, వీపు దగ్గర ఖాళీ ఉంటే గాలాడుతుంది. రెండు గుండీల కోటుకి పై గుండీ ఒక్కటే పెట్టాలి, కింద గుండీ వదిలెయ్యాలి, కూర్చునేటప్పుడు ఆ పైదీ విప్పెయ్యాలి. చేతి చివర చొక్కా అరంగుళం కనిపించాలి. ఇంతకు మించి వైశాఖ మాసంలో కోటు గురించి ఆలోచించక్కర్లేదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి చిత్రాలు చూడండి. కోటు ఉంటుంది, తలపాగా ఉంటుంది, పైన కండువా ఉంటుంది. పెళ్లికొడుక్కి కోటు లేకపోయినా పంచె, లాల్చీ, కండువా చాలు, నిండుగా ఉంటాడు.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వస్తున్నాను, ఉతకడం. ఇక్కడ మగవాళ్లు ఫోన్లు చూసుకోవడం మొదలుపెడతారు. దయచేసి వినండి. తెల్ల పంచె బాగుందని మెచ్చుకునేవాళ్లం మనం, దాన్ని తెల్లగా ఉంచేది ఇంట్లో ఎవరో. నాకు ఇందులో న్యాయం కనిపించదు. బట్టల మీద ఇష్టం ఉన్నవాడు వాటి చాకిరీ కూడా తనే చేసుకోవాలి. చేస్తే ఆ ఇష్టం పెరుగుతుంది, నేను చూశాను.

గంజి పెట్టడం చెబుతాను. అన్నం వార్చిన గంజి చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఒక్క మెతుకు ఉన్నా ఇస్త్రీలో అంటుకుని మచ్చ పడుతుంది. వడకట్టిన గంజిలో నీళ్లు పోసి, పల్చటి మజ్జిగంత అయ్యేదాకా కలపండి. నీలిమందు వేసేటట్టయితే చుక్కలు చుక్కలుగా వేసి, ఆ నీళ్లు బాగా కలిశాకే పంచె ముంచాలి. తొందరపడితే నీలం చారలు పడతాయి. ఉతికి పిండిన పంచెని విప్పి ముంచి, గుడ్డంతా సమంగా తడిసేలా తిప్పి, గట్టిగా పిండకుండా, దులిపి, నీడన ఆరేయండి. అంచులు రెండూ పట్టుకుని ఇద్దరు సాగదీస్తే సగం ఇస్త్రీ అక్కడే అయిపోతుంది. ఆ రెండో మనిషి మీ అమ్మాయో అబ్బాయో అయితే వాళ్లకదొక ఆట. పూర్తిగా ఆరకముందే, చేతికి చల్లగా తగులుతున్నప్పుడే ఇస్త్రీ చెయ్యాలి. ఎండిపోయాక నీళ్లు చిలకరించి చేస్తే ఆ నునుపు రాదు.

ప్రెషర్ కుక్కర్లొచ్చాక గంజి వార్చేవాళ్లు తగ్గారు, ఆ మాట నిజమే. గుప్పెడు బియ్యం ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చుకోండి, పెద్ద పనేం కాదు.

(సభలోంచి ఒకరు: మా నాన్నగారి జరీ పంచెల చాపు బీరువాలో ఉందండి, జరీ నల్లబడిపోయింది. ఏం చెయ్యాలి?)

మంచి ప్రశ్న అడిగారండి, ఇది మన అందరి ఇళ్లలో ఉన్నదే. అసలైన జరీలో వెండి ఉంటుంది. వెండి గాలికి నల్లబడుతుంది, మన తేమలో ఇంకా తొందరగా. సెంటు దాని మీద కొడితే మరీ తొందర. మీరు దాన్ని తోమడం, నిమ్మకాయ రుద్దడం లాంటివి చెయ్యకండి, పైపూత పోతుంది. నల్లబడినది నల్లబడనివ్వండి, ఇకముందు పాడవకుండా చూడండి. ప్లాస్టిక్ కవరులో ఉంటే ఇవాళే ఇంటికెళ్లి తీసెయ్యండి, తేమ లోపలే ఉండిపోతుంది. ఉతికిన పాత నూలు పంచె ముక్కలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, పెట్టాలంటే విడిగా గుడ్డలో మూటకట్టి మూలన పెట్టండి. మూడు నెలలకోసారి తీసి, మడతలు మార్చి పెట్టండి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే ఆ గీత దగ్గరే జరీ తెగుతుంది. దాచే బట్టకి గంజి ఉండకూడదు, గంజి కోసం పురుగు వస్తుంది. వానాకాలం వెళ్లాక, కార్తీకంలో ఒక మంచి రోజు చూసి నీడపట్టున గాలికి ఆరేయండి. అన్నిటికంటే ముఖ్యమైనది, కట్టుకోండి. మీ నాన్నగారి పంచె ఆయన తద్దినం నాడో, సంక్రాంతికో మీరు కట్టుకుంటే మీ పిల్లలు దాన్ని గుర్తుపడతారు. బీరువాలో ఉన్నంతకాలం వాళ్లకి అదొక మూట.

తోలు చెప్పులకీ ఇదే బాధ. మన వానాకాలంలో వారం రోజులు వదిలేస్తే బూజు పడుతుంది. తడిసిన వాటిని ఎండలో పెట్టొద్దు, పగులుతాయి. పాత పేపర్లు ఉండచుట్టి లోపల కుక్కి, ఫ్యాను కింద పెట్టండి. ఆరాక పాలిష్. అంతే.

సూది గురించి చెప్పి ముగిస్తాను. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటి పనులయ్యాక గడపలో కూర్చుని లేసు అల్లుతారు. వందేళ్లకి పైగా ఆ లేసు విదేశాలకి వెళ్తోంది. 2024లో దానికి కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేతిలో సన్నటి కొక్కెం సూది, దారం, అంతే సరంజామా. అదే ఇళ్లలో చొక్కా గుండీ ఊడితే మగవాడు ఆ చొక్కా తీసి కుర్చీ మీద పడేస్తాడు, ఎవరో కుట్టిపెట్టేదాకా అక్కడే ఉంటుంది. గుండీ కుట్టడం ఐదు నిమిషాల పని. దారం రెండు పేటలు చేసి, గుండీకీ గుడ్డకీ మధ్య అగ్గిపుల్ల పెట్టి కుట్టండి. నాలుగైదు సార్లు దూర్చాక పుల్ల లాగేసి, ఆ సందులో దారం చుట్టూ తిప్పి ముడెయ్యండి. ఆ చిన్న మెడ ఉంటే కాజాలో గుండీ బిగుసుకోదు, గుడ్డ చిరగదు. మా ఇంట్లో అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ ఇది వచ్చు. ఆదివారం పొద్దున్న ఇస్త్రీపెట్టె నా దగ్గర ఉంటుంది, సూదిడబ్బా వాళ్ల దగ్గర. మా ఆవిడ ఆ గంటా పేపరు చదువుకుంటుంది. ఈ గంట కోసం వారమంతా ఎదురుచూస్తానండీ నేను.

కాలర్ తిరగేయించడం ఈ కుర్రాళ్లు విని ఉండరు. చొక్కా అంతా బాగుండి, మెడ దగ్గర రాపిడికి కాలర్ ఒక్కటే చివికిపోతుంది. కుట్లు విప్పి, కాలర్ తీసి, లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేసి మళ్లీ కుడతారు. చివికింది లోపలికి పోతుంది, చొక్కా ఇంకో మూడేళ్లు వస్తుంది. పెద్దలందరికీ తెలుసు, తలూపుతున్నారు చూడండి. ఈ పని తెలిసిన దర్జీ గారు ఒకాయన వచ్చే నెల సమావేశానికి వస్తానన్నారు, కత్తెరా దారాలూ ఆయనే తెచ్చుకుంటారు. మీ ఇంట్లో కాలర్ చివికిన మంచి నూలు చొక్కా ఉంటే పారేయకుండా, ఉతికి, ఇస్త్రీ చేయకుండా తీసుకురండి. గుండీలు ఊడినవి కూడా తేవచ్చు, అవి ఎవరివి వాళ్లే కుట్టుకుందాం. సూదులు నేను తెస్తాను.